శ్వెత్స్ అనే ఇంటిపేరు, అల్వాల్‌లో ఒక పోర్షన్

అనువాదం చేసేవాళ్లు అబద్ధాలాడతారు. నేనూ ఆడాను, జీతం తీసుకుని మరీ ఆడాను. వాటి గురించి నాకు సిగ్గేమీ లేదు. ఒకే ఒక్కసారి, అబద్ధం ఆడాల్సిన చోట, అక్షరం పొల్లుపోకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. నలభై ఏళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ ఒక్కటే.

సోవియట్ దేశం ఇంకా ఒక్క ముక్కగా ఉన్న రోజులవి. సికింద్రాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీకి అక్కడి నుంచి పెద్ద పెద్ద మిషన్లు వచ్చాయి. వాటిని బిగించడానికి ఇంజినీర్లు వచ్చారు. వాళ్ల మాట మావాళ్లకి, మావాళ్ల మాట వాళ్లకి చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. యూనివర్సిటీలో రష్యన్ ఎందుకు చదివావు అని చాలామంది అడిగేవాళ్లు. ఇంగ్లీషులో సీటు రాలేదు, అందుకు చదివాను. గొప్ప ఆశయాలేమీ లేవు.

మా మేనేజరు నోరు మంచిది కాదు. "ఈ దున్నపోతును ఇంకెన్ని నెలలు మేపాలె?" అని వాళ్లలో పెద్ద ఇంజినీరు మొహంలోకి చూసి నవ్వుతూనే అడిగేవాడు. "ఇక్కడి భోజనం మీకు పడుతోందా అంటున్నారు" అని నేను రష్యన్‌లో చెప్పేదాన్ని. ఇంజినీరేమీ తక్కువ తినలేదు. "మీ కరెంటుకి మా అమ్మమ్మ కుట్టుమిషను కూడా తిరగదు" అనేవాడు. "వోల్టేజీ కాస్త చూసుకుంటే బాగుంటుందంటున్నారు సార్" అనేదాన్ని. ఇద్దరూ సంతోషంగా తలలూపుకునేవాళ్లు. ఏడాదిన్నర పాటు రెండు దేశాల స్నేహం నా నోటి మీదే నిలబడింది. ఎవరేమనుకున్నా అది నిజం.

అదే ఆఫీసులో ఒక టైపిస్టు ఉండేది, నా ఈడుదే. రెజిమెంటల్ బజార్‌లో మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేది. పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం, మధ్యాహ్నం ఒకే డబ్బాలో చెయ్యి పెట్టేవాళ్లం. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా నాన్న ఇక్కడ మిషన్ బడిలో హెడ్మాస్టరు చేసి, అప్పటికే పోయాడు. ఆదివారం మా అమ్మ పెద్దకూర వండేది, గొడ్డుమాంసాన్ని ఇక్కడ అలాగే అంటారు. సోమవారం అది నా డబ్బాలో ఉండేది. "మూత తియ్యకముందే నాకు ఎర్కైతదే" అని నాకంటే ముందు ముక్కలు ఏరుకుని తినేది ఆ మహాతల్లి.

ఆమె తండ్రి మిలిటరీవాళ్లకు బూట్లు కుట్టేవాడు. బజారంతా ఆయన్ని మోచీ అనే పిలిచేది. చెప్పులు కుట్టేవాణ్ని ఈ ఊళ్లో అలా అంటారు, సొంత పేరేమిటని అడిగినవాడు లేడు. కూతుర్ని బళ్లో వేసిన రోజు పంతులు కూడా అడగలేదు. రిజిస్టరులో ఇంటిపేరు అని ఉన్నచోట, తనకు తెలిసిన ఆ మాటే రాసి పారేశాడు. పదో తరగతి సర్టిఫికెట్ దాకా ఆ పిల్ల పేరు ముందు అదే నడిచింది. బళ్లో హాజరు పిలిచిన ప్రతిరోజూ వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు తమ చెప్పు పైకెత్తి చూపించేవాళ్లట. తెగిందే, కుట్టిపెడతావా అని. ఉద్యోగానికి అర్జీ పెట్టకముందే కోర్టు కాగితం తీసి, పేపర్లో ప్రకటన వేయించి, అమ్మమ్మగారి ఊరి పేరుని ఇంటిపేరుగా మార్చుకుంది. ఆఫీసులో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నా సంగతి కూడా ఆమెకొక్కదానికే తెలుసు. మా తాత కృష్ణ ఒడ్డున లందలో తోళ్లు ఊనేవాడు. లంద అంటే తోళ్లు నానబెట్టే గుంట. ఆ వాసన ఎంత కడిగినా ఒంటిని వదిలేది కాదని మా నాన్న చెప్పేవాడు, చెప్పి వెంటనే చేతులు కడుక్కునేవాడు. మిషన్ దొర మా తాతకు బైబిల్లోంచి ఒక పేరు పెట్టాడు. మా నాన్న దాన్నే ఇంటిపేరు చేసుకుని ఇక్కడికి వచ్చేశాడు. సికింద్రాబాద్‌లో మమ్మల్ని ఎవరూ గుచ్చి అడగలేదు. ఇంగ్లీషు పలికే ఇంటిపేరూ, హెడ్మాస్టరుగారి కూతురన్న గౌరవమూ నాకు సరిపోయాయి.

వాళ్ల నాన్నకు ఉబ్బసం. వాళ్లుండే ఒంటిగదికి కిటికీ లేదు. గోడ అవతల మురుక్కాలవ పారేది, ఎండాకాలంలో కూడా గోడ చెమ్మగిల్లి ఉండేది. ఆయన కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. గాలి తగిలే ఇంటికి మారిస్తే బతుకుతాడు, ఇంకో వర్షాకాలం ఇక్కడే ఉంటే నేను హామీ ఇవ్వలేను అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ పిల్ల ఆ చలికాలమంతా ఇళ్లు వెతికింది. ప్రతి గుమ్మం దగ్గరా అద్దె కంటే ముందు ఒకటే ప్రశ్న: "మీరేమిట్లు?" కులం అడగడానికి అదొక మర్యాద. ఈమెకు అబద్ధం నోట్లోంచి పెగిలేది కాదు. మొహం చూసి వాళ్లే తలుపు వేసుకునేవాళ్లు.

నేనేమో అబద్ధాల ఉద్యోగంలో ఉన్నాను. మా సెక్షన్ సూపరింటెండెంటుకి అల్వాల్‌లో ఇల్లుంది, మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. నేనే వెళ్లి చెప్పాను. "మాకు బాగా తెలిసిన కుటుంబం సార్. వాళ్ల నాన్నగారు మిలిటరీ స్టోర్స్‌లో క్లర్కు చేసి రిటైరయ్యారు. శాకాహారులు." ఆయన తరతరాలుగా ఇక్కడివాడే, పూజా పునస్కారం ఉన్న మనిషి. "నువ్వు చెప్పినంక ఇంకేందమ్మా, రమ్మను" అన్నాడు. అంత తేలిగ్గా అయిపోయింది.

ఇల్లు చూడ్డానికి నేనూ వెళ్లాను. రెండు గదులు, గదికి రెండేసి కిటికీలు. వంటింట్లోనే నల్లా. మేడ మీద నిలబడితే చీర కొంగు నిలవనంత గాలి. మా ఇంట్లో నేనూ, మా అమ్మా, అన్న, వదిన, వాళ్ల పిల్లలూ రెండు గదుల్లో ఒకళ్ల మీద ఒకళ్లం పడుకునేవాళ్లం. నీళ్లకి వీధి చివరిదాకా పోవాలి. ఇదంతా దానికి దొరికిందా అనుకున్నాను. నేను ఇప్పించిన ఇంటికే నేను కుళ్లుకున్నాను. పైకి మాత్రం "బాగుందే, బాబాయిగారికి గాలి బాగా ఆడుతుంది" అన్నాను.

నిజంగానే ఆయన తేరుకున్నాడు. రెండు నెలల్లో మనిషి పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు మెట్లు దిగి, ఇంటాయన పక్కన వరండాలో కూర్చుని కళ్లు ఆనవని చెప్పి పేపరు చదివించుకునేవాడు. ఇంటాయన భార్య పచ్చడి పైకి పంపితే ఈమె గిన్నెలో బెల్లం వేసి తిరిగి పంపేది. ఆఫీసులో నా పక్కన కూర్చుని ఇవన్నీ చెప్తుంటే ఆ పిల్ల మొహం కొత్తగా కనిపించేది.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. మా అమ్మ ఇచ్చిన డబ్బా చేతిలో ఉంది. మెట్ల మీదే ఎదురొచ్చి నా చేతిలోకి చూసింది.

"పెద్దకూరనా?"

"నీకోసమే."

"కిందికి వాసన పోతదే. ఇగ మా ఇంటికి గిది తేకు." డబ్బాను రెండు వేళ్లతో పట్టుకుని, ప్లాస్టిక్ సంచిలో ముడేసి, గేటు బయట గోడ మీద పెట్టి వచ్చింది. "పోయేటప్పుడు గుర్తు పెట్టుకోని తీస్కపో" అంది.

ఆమె భయం నాకు తెలియనిది కాదు. తెలిసీ నా కడుపు మండింది. నా డబ్బాలో ముక్కలేరుకున్న వేళ్లు అవి. ఆ సాయంత్రం డబ్బా తీసుకుని బస్సులో కూర్చున్నంతసేపూ, పొగరెక్కింది దీనికి, పొగరెక్కింది అని నాలో నేనే తిట్టుకుంటూ వచ్చాను.

ఆ వారంలోనే క్యాంటీన్‌లో ఇంటిపేర్ల సంగతి వచ్చింది.

ఆ ఇంజినీరుని అందరూ రష్యావాడు అనేవాళ్లు. ఆయన ఓపిగ్గా ప్రతిసారీ, రష్యా కాదు, ఉక్రెయిన్ అనేవాడు. ఎవడూ పట్టించుకునేవాడు కాదు. మంచి మనిషి, యాభై దాటినవాడు. ఎవరికైనా జ్వరమొస్తే తేనెసీసా పట్టుకుని బయల్దేరేవాడు. ఆరోజు మా టైపిస్టు ఆయన గేటు పాసు కొట్టి తెచ్చింది. "ఏం ఇంటిపేరే ఇది, నోరు తిరుగుతలేదు. దీనికి అర్థమేమన్న ఉన్నదా అడుగు" అంది. కాగితం మీద శ్వెత్స్ అని ఉంది. నేను అడిగాను.

"చెప్పులు, బూట్లు కుట్టేవాడు" అన్నాడాయన, పప్పు అన్నంలో కలుపుకుంటూ.

నేను తెలుగులో చెప్పాను. ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

ఆయనకు మాత్రం హుషారొచ్చింది. పాతకాలంలో తమ దేశంలో గుర్రపు దళాలుండేవని, ఒక్కో దళానికి ఒక రాయసగాడు ఉండేవాడని చెప్పాడు. వాడు పుస్తకం తెరిచి, ఎదురుగా నిలబడ్డవాణ్ని నీ పనేమిటి అని అడిగేవాడు. కమ్మరి అంటే కమ్మరి అని, కుమ్మరి అంటే కుమ్మరి అని పేరు పక్కన రాసుకునేవాడు. బూట్లు కుట్టేవాడు లేని ఊరు ఉండదు కాబట్టి ఊరూరా ఒక శ్వెత్స్ తయారయ్యాడు. చర్చి పుస్తకాల్లో పూజారులూ అదే రాశారు. కొడుకు పుడితే దానికే ఒక తోక తగిలించి శెవ్‌చుక్ అనేవాళ్లు. యూదుల్లో కూడా ఆ పేరు ఉంది. భూముల కోసం తూర్పుకి పోయినవాళ్లు సైబీరియాకి, సముద్రం దాటినవాళ్లు కెనడాకి ఆ పేరుని వెంట తీసుకుపోయారు. "మా తాత తేనెటీగలు పెంచాడు, మా నాన్న రైలు నడిపాడు. సూది పట్టినవాడు మా ఇంట్లో ఎప్పుడున్నాడో ఎవరికీ గుర్తులేదు. పేరు మాత్రం ఉంది. ఏ ఊరెళ్లినా నాలాంటివాడు ఒకడు తగులుతాడు. పరిచయం కాగానే తాగడానికి కూర్చుంటాం" అన్నాడు.

"సిగ్గనిపియ్యదా అని అడుగు" అందామె.

అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగాను. "బూట్లు లేకుండా మంచులో నడవమను" అన్నాడు.

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత గొంతు తగ్గించి నాతో అంది: "మా నాయిన సుత గదే పని చేసిండని చెప్పు."

"చెప్పనా? ఆలోచించుకో."

"చెప్పు. గాయనకేం తెలుస్తయి మన కతలు."

పుట్టి బుద్ధెరిగిన తర్వాత నాకు కాక ఇంకొకరికి ఆ మాట ఆమె తనంతట తాను బయటపెట్టడం అదే మొదలనుకుంటాను. నేను చెప్పాను. ఆయన లేచి నిలబడి, బల్ల మీదుగా వంగి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నవ్వుతోంది, కళ్లలో నీళ్లూ ఉన్నాయి. బ్రేక్ అయిపోయిందని బెల్లు కొడితే తుడుచుకుని టైపు మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మీలో ఇంటిపేర్లు ఎలా ఉంటాయని ఆయన అడిగాడు. నేను చదువుకున్నదాన్ని కదా, ఉపన్యాసం ఇచ్చాను. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు మాలో అన్నదమ్ముల లెక్క అని, వాళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోరని, ముఖం ఎరగకపోయినా పురుడూ మైలా పట్టేవాళ్లున్నారని చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. "అయితే ఆ పిల్ల నాకు చెల్లెలు. వాళ్ల నాన్న నాకు బాబాయి. ఇన్నాళ్లుగా ఇక్కడుండి పెద్దాయన్ని పలకరించనే లేదు" అన్నాడు. నేను నవ్వాను. వేళాకోళం అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ జీపు మా సందు మొదట్లో ఆగింది. ఆయన కోటు తొడుక్కుని వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన స్వీట్ల డబ్బా, ఇంకో చేతిలో ఒక బూటు. అట్ట ఊడిన బూటు, నెల రోజులుగా ఎవరికి చూపించినా కుదరదన్నారట. "బాబాయి దగ్గరికి తీసుకెళ్లు" అన్నాడు.

వాళ్లు ఊళ్లో లేరు అంటే అయిపోయేది. నాకది ఎంత పని? రోజుకి పాతిక అబద్ధాలు ఆడేదాన్ని. జీపెక్కి, డ్రైవరుకి అల్వాల్ దారి చెప్పాను. దారంతా నా మనసులో ఆ ప్లాస్టిక్ సంచి ముడే ఉంది. చూద్దాం ఏం చేస్తుందో అనుకున్నాను. అంతకుమించి అనుకోలేదు. ఆ మాత్రం అనుకోవడం చాలదా?

ఇంటాయన వరండాలోనే ఉన్నాడు. తెల్లవాడు తన గేటు తీసుకుని రావడం చూసి లుంగీ సర్దుకుంటూ లేచాడు. కుర్చీలు వేయించాడు, చాయ్ పెట్టించాడు. పక్కిళ్ల ఆడవాళ్లు గోడ దగ్గరికి చేరారు. జీపు చప్పుడుకి మా టైపిస్టు మేడ మెట్ల మీదికి వచ్చింది, వెనకే వాళ్ల నాన్న. ఇంజినీరు చేతిలోని బూటు చూసింది. తర్వాత నన్ను చూసింది.

ఇంజినీరు చాయ్ ముట్టుకోలేదు. వాళ్ల పద్ధతి ప్రకారం లేచి నిలబడి, పెద్దాయన వైపు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడాడు. నిమిషం పైనే మాట్లాడాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ నా వైపు తిరిగారు.

"ఏమంటుండమ్మా సాబ్?" అన్నాడు ఇంటాయన, సంతోషంగా.

ఆ పిల్ల మెట్ల కడ్డీ పట్టుకుని ఉంది. తల అడ్డంగా ఊపింది, నాకు కనిపించేంత. వాళ్ల నాన్న మాత్రం నన్ను చూడలేదు, బూటు చూస్తున్నాడు.

నాకు వంద మాటలు తట్టాయి. తట్టలేదంటే అబద్ధం. మీ ఆతిథ్యం బాగుందంటున్నారు సార్. మీ ఇల్లు చల్లగా ఉందంటున్నారు సార్. ఏదైనా సరిపోయేది.

"తన ఇంటిపేరుకి బూట్లు కుట్టేవాడని అర్థమట సార్. ఈ పెద్దాయన కూడా జన్మంతా బూట్లు కుట్టిన మనిషి కాబట్టి, ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరట. మీ పద్ధతిలో తాను కొడుకు వరసట. అందుకని దండం పెట్టుకోవడానికి వచ్చాడట" అన్నాను. ఒక్క ముక్క వదల్లేదు. ఆ ఏడాదిన్నరలో నేను చేసిన అతి శుద్ధమైన అనువాదం అది.

భయంతో చెప్పానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం ఆడి దొరికిపోతే, సిఫార్సు చేసినదాన్ని నేను కాబట్టి, మరి నువ్వేమిట్లమ్మా అని నన్నూ అడుగుతాడని భయపడ్డానని. ఆ భయం ఉన్నమాట నిజమే. కానీ నా నోరు తెరిపించింది అది కాదు. కుళ్లు. ఆ గాలి, ఆ నల్లా, ఆ రెండు వేళ్లు. మాట పూర్తయ్యాక నాకు హాయిగా కూడా అనిపించింది, ఒక్క క్షణం.

గోడ దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు. ఇంటాయన గ్లాసు కింద పెట్టాడు. తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని చూశాడు, రోజూ ఆ పెద్దాయన కూర్చునే కుర్చీ. కోప్పడలేదు. పరాయి దేశం అతిథి ముందు కోప్పడే మనిషి కాదు.

పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు. ఒక్కో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుంటూ వచ్చాడు. ఇంజినీరు చేతిలోంచి బూటు తీసుకుని, తిరగేసి, అట్ట ఊడినచోట బొటనవేలితో నొక్కి చూశాడు. కూతురు "నాయినా, వద్దు" అంది. ఆయన వినిపించుకోలేదు.

"కుట్టు మంచిగనే ఉన్నది బిడ్డా, దారమే మురిగింది. రేపు ఇస్తనని చెప్పు" అన్నాడు నాతో.

నేను చెప్పాను. ఇంజినీరు వంగి ఆయన్ని కావలించుకున్నాడు. ఇంటాయన జీపు దాకా వచ్చి, సంచి నిండా జామకాయలు ఇచ్చి మమ్మల్ని సాగనంపాడు. దారిలో ఇంజినీరు, ఈ దేశం వచ్చాక ఇంత మంచి రోజు చూడలేదన్నాడు. నేను జామకాయ కొరుక్కుంటూ అవునన్నాను.

వాళ్లచేత ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేయించారు. నేను చూడలేదు, మళ్లీ అటు వెళ్లిన జీపు డ్రైవరు చెప్పాడు. ఇంటాయన భార్య, వాళ్లిచ్చిన బెల్లం గిన్నెనీ, పెద్దాయన కూర్చున్న కుర్చీనీ సామానుతో పాటే రోడ్డు మీద పెట్టించిందట. నెల మధ్యలో ఎక్కడికి పోతారు? బజారులో ఆ కిటికీ లేని గది ఇంకా ఎవరూ తీసుకోలేదు, అక్కడికే పోయారు. బండి కోసం చూస్తూ రోడ్డు పక్కన పెట్టె మీద కూర్చుని పెద్దాయన బూటు కుడుతూ ఉన్నాడట. సోమవారం పొద్దున అది పేపర్లో చుట్టి నా బల్ల మీద ఉంది. ఆమె సీటు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను, ఉద్యోగం పోతుందనుకున్నాను.

"నువ్వు సుత మోసపోయినవమ్మా" అన్నాడు జాలిగా. "మంచిదానివి, నమ్మినవు. ఎంత పరేషాన్ చేసిన్రు చూడు. మా ఆమె నిన్నటి సంది అన్నం ముట్టలే. పోర్షన్ మొత్తం కడిగిచ్చి పసుపునీళ్లు చల్లిచ్చిన. ఇగ తెల్వనోళ్లకు ఇయ్య. మీ ఇల్లు ఇరుకంటవు గద, నువ్వే రారాదు?"

నేను ఆయన బల్ల మీది ఫైళ్లు సర్దాను.

"కిరస్తానమైతే ఏమాయె, మీరు పెద్ద కులంలకెళ్లి కలిసినోళ్లు. మీ నాన్నను చూసిన గద నేను, మొఖంలనే తెలుస్తుండె. కాకపోతే మాంసం గిట్ల జెర..."

"మేం తినం సార్" అన్నాను. "ఎప్పుడు రమ్మంటారు?"

ఒకటో తారీఖున మా అమ్మతో దిగాను. గదుల్లో ఇంకా పసుపు వాసన. గోడకి ఆయన మందుల చీటీ గుచ్చిన మేకు ఉంది, దానికి మా క్యాలెండరు తగిలించాను. మా అమ్మకు అన్నీ తెలుసు. "పాపమే" అంది ఒక్కసారి. మర్నాటి నుంచి వంటింట్లో నల్లా తిప్పుకుంటూ పాటలు పాడుకుంది.

ఇంజినీరు అప్పుడప్పుడు అడిగేవాడు, బాబాయి ఎలా ఉన్నాడని. బాగున్నాడని చెప్పేదాన్ని. నా చెల్లెలు నీతో మాట్లాడటం లేదేం అని అడిగాడొకసారి. పని ఎక్కువగా ఉందని చెప్పాను. ఆ బూట్లతోనే, ఏమీ తెలియకుండానే, ఆయన వాళ్ల దేశం వెళ్లిపోయాడు.

వానలు పడ్డ రెండో వారంలో పెద్దాయన పోయాడు. కూర్చునే పోయాడట. నేను సందు మొదటిదాకా వెళ్లాను. పాడె కట్టడం కనిపిస్తోంది. ఆ సందులో అందరూ నన్నెరుగుదురు, చూస్తే ఏమనుకుంటారో అని కూరగాయల బండి చాటున నిలబడి, అటునుంచి అటే బస్సెక్కేశాను.

పన్నెండు రోజుల తర్వాత ఆమె ఆఫీసుకి వచ్చింది. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్లాక నేను ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. ఆమె కార్బన్ కాగితాలు సర్దుతూనే ఉంది.

"సార్ అడిగాడు కదా, నేనేం చెయ్యను? నా ఉద్యోగమే అది" అన్నాను చివరికి.

"నీ ఉద్యోగం నాకు ఎర్క" అంది. "ఏడాదిన్నర నీ పక్కనే కూసున్న. మేనేజర్ తిడితె గాయన నవ్వుకుంట తలూపేటట్టు నువ్వెట్ల మార్చి చెప్తవో రోజు చూసిన."

ఆమెకు నా తాత తెలుసు, లంద తెలుసు. పది అడుగుల అవతల సూపరింటెండెంటు గది. లేచి తలుపు తోసుకుని వెళ్లి ఒక్క మాట చెబితే చాలు, సాయంత్రానికి మా సామాను రోడ్డు మీద ఉంటుంది. ఆ మాటే అనేశాను, సిగ్గు లేకుండా. "సార్‌కి చెప్తావా?"

ఆమె అప్పుడు తలెత్తి నన్ను చూసింది. చాలా అలిసిపోయి ఉంది.

"ఎందుకు చెప్త? మీ అమ్మ సుత ముసలిదే గద" అంది. "గాలి మంచిగొస్తది ఆడ. ఉండున్రి."

కాగితం మిషన్లో ఎక్కించి టైపు కొట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆమె నాతో మాట్లాడలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. మేం ఆ ఇంట్లో పదకొండేళ్లు ఉన్నాం.